పట్టణపు పద్దులు – పౌరుని పరిశీలన

2005లో విశాఖపట్టణ నగరపాలక సంస్థలో గాజువాక పురపాలక సంఘమును, 32 గ్రామములును కలిసి మహానగరపాలక సంస్థ ఏర్పడినది. నాటినుండి ఆ గ్రామస్థుల పన్నులును, నగరపు అప్పులును ఒకే పద్దున చేరినవి. కావున ఈ లెక్కలు చదువ నేర్చుట పల్లెవారికిని అవసరమని మేము తలంచుచున్నాము.

2018లో ఈ సంస్థ బాండ్ల ద్వారా 80 కోట్ల రూపాయలను నూటికి 10 వంతున అప్పు తెచ్చినది. అసలు తీరనంతకాలము ఏటికి వడ్డీయే 8 కోట్లు. అప్పు చేయుట దోషము కాదు. మంచినీటి గొట్టములకో, మురుగు కాలువలకో వినియోగమైనచో తరతరములకు ఉపకరించును. జీతములకును, దీపముల ఖర్చునకును చెల్లినచో బిడ్డలకు భారము మాత్రమే మిగులును.

2020 చట్టసవరణతో అద్దె విలువకు బదులు ఆస్తి మూలధనపు విలువను బట్టి ఇంటిపన్ను నిర్ణయించు పద్ధతి వచ్చినది. కనుక నోటీసు అందగానే ఇంటి కొలతలు, వాడుక, విలువ సరిగా వ్రాసిరో లేదో చూచుకొనవలెను.

బడ్జెట్టులో ముందుగా మూడు అంకెలను వెదకుడు: రావలసిన పన్ను, వసూలైన పన్ను, అప్పు తీర్చుటకు పోయిన సొమ్ము. అవి దొరకనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టవచ్చును. అధికారి 30 దినములలో జవాబీయవలెను.

పన్ను చెల్లించుట ఎంతటి విధియో, లెక్క అడుగుటయు అంతటి విధియే.