వార్తల్లో పదం: సూపర్‌బ్లాక్

పక్కపక్కనే ఉన్న తొమ్మిది భవన సముదాయాలను కలిపి ఒకే పేటగా చేస్తే అదే సూపర్‌బ్లాక్. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టిన పద్ధతి ఇది. బస్సులు, దాటిపోయే వాహనాలు పేట చుట్టూ ఉన్న రోడ్ల మీదే తిరగాలి. లోపలి వీధుల్లోకి అక్కడివాళ్ల కార్లు, సరుకుల బండ్లు, అంబులెన్సులు రావచ్చు. వేగం గంటకు 10 కిలోమీటర్లు మించకూడదు; సైకిలెక్కిన పిల్లాడు కారును దాటేసినా ఆశ్చర్యం లేదు! అడ్డదారిగా దూసుకుపోదామంటే కుదరదు. వన్‌వేలు మలుపు తిప్పి, వచ్చిన రోడ్డుకే పంపిస్తాయి.

దీని రూపశిల్పి సాల్వడోర్ రుయేడా.

కార్లు తగ్గిన వీధుల్లో మొక్కలకు చోటు దొరుకుతుంది. అసలు బార్సిలోనాకు పచ్చదనం కొత్త ఆలోచనేమీ కాదు. 1859లో నగర ప్రణాళిక గీసిన ఇల్దెఫోన్స్ సెర్దా ప్రతి సముదాయం నడుమా తోట ఉండాలన్నాడు. తర్వాత కట్టడాలు ఆ తోటలను మింగేశాయి. ఇప్పుడు ఆ బాకీని వీధులు తీరుస్తున్నాయి.

2016లో బార్సిలోనాలోని పొబ్లెనౌ ప్రాంతంలో రంగుల గీతలు, పాత టైర్లు, కుండీ మొక్కలతో సూపర్‌బ్లాక్ మొదలుపెడితే స్థానికుల్లో కొందరు మండిపడ్డారు. తర్వాత బల్లలు, చెట్లు, ఆటస్థలాలు వచ్చాయి. ఇదే ఆలోచనతో 2023లో నగరంలోని కొన్సెల్ దె సెంత్ వీధి పచ్చని నడకదారిగా మారింది. అదే ఏడాది, నగర ప్రణాళికను ముందుగా సవరించకుండా ఆ పని చేశారని ఒక కోర్టు తప్పుపట్టింది. దావా వేసింది వర్తకుల సంఘం.