అమృతాంజనం నుంచి ఆంధ్రపత్రిక దాకా

సరుకు గుణాన్ని కొనేవారికి తెలియజెప్పే వ్యాపార ప్రక్రియను ప్రకటన అంటారు. ఆ ప్రక్రియతో గడించిన ధనాన్ని తెలుగు భాషకూ, పత్రికకూ, ప్రజాజీవితానికీ మళ్లించిన తొలితరం వ్యాపారులలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అగ్రగణ్యులు. కృష్ణా జిల్లాలోని ఎలకుర్రులో 1867లో జన్మించిన ఆయన, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, కలకత్తాలో మందుల వ్యాపారపు మెళకువలు నేర్చుకొని, 1893లో బొంబాయిలో అమృతాంజనం సంస్థను స్థాపించారు.

పేరు వినని మందుకు డబ్బు పెట్టడానికి ఎవరైనా వెనుకాడుతారు కనుక, పంతులుగారు సంగీత కచేరీలలో అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టారు. నమూనాల పంపిణీ అనే ఈ పద్ధతిలో వాడి చూసినవారే నలుగురికీ చెబుతారు. రాసుకున్న కొద్దిసేపటికే గుణం తెలిసే తలనొప్పి మందుకు అది ఎంతో అనువైన మార్గం.

ఆ లాభాల అండతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసుకు తరలి దినపత్రికగా మారి, జాతీయోద్యమానికీ ఆంధ్రరాష్ట్ర వాదానికీ గొంతుకగా నిలిచింది. 1924లో సాహిత్య మాసపత్రిక భారతి, 1926లో మంచి పుస్తకాలను చవకగా అందించే ఆంధ్ర గ్రంథమాల ఆ వరుసలోనే వచ్చాయి.

ఇదే కాలంలో అమెరికాలోని షికాగోలో క్లాడ్ బార్నెట్ అనే ఆఫ్రికన్ అమెరికన్ వ్యాపారి ప్రకటనకూ పత్రికకూ మధ్య ఇటువంటి బంధాన్నే మరో విధంగా కల్పించాడు. శ్వేతజాతి పత్రికలు నల్లజాతి ప్రజల జీవితాన్ని పట్టించుకోని ఆ రోజుల్లో, 1919లో అసోసియేటెడ్ నీగ్రో ప్రెస్ అనే వార్తాసంస్థను, అంటే అనేక పత్రికలకు వార్తలు సేకరించి పంపే సంస్థను, ఆయన నెలకొల్పాడు. నగదు చెల్లించలేని చిన్న పత్రికలు వార్తలకు బదులుగా ప్రకటనలకు చోటిచ్చేవి. ఆ చోటు, ఆయనకు భాగస్వామ్యమున్న కాశ్మీర్ కెమికల్ కంపెనీ సౌందర్య సాధనాల ప్రచారానికి ఉపకరించేది.

పాలకుల ఆదరణ గానీ పెద్ద పెట్టుబడిదారుల అండ గానీ లేని సమాజానికి సొంత పత్రిక నిలవాలంటే సొంత ఆదాయం ఉండాలన్న సత్యాన్ని వీరిద్దరి కృషి చాటుతుంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన పంతులుగారు వ్యాపారాన్నీ దేశసేవనూ వేరుగా చూడలేదు. రాయలసీమ, కోస్తా నాయకులు 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదుర్చుకున్నది ఆయన ఇంటిలోనే. 1938లో ఆయన మరణించిన తరువాత కూడా ఆంధ్రపత్రిక, భారతి దశాబ్దాలపాటు వెలువడడం, సంపాదనను ప్రజల గొంతుకు ఆధారం చేసిన ఆ దూరదృష్టికి తిరుగులేని నిదర్శనం.