హెక్టరా? ఎకిలీసా?

కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అన్న వాదన రాని తెలుగిల్లు ఉండదేమో. వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ఆ వాదనను గ్రీకు దేశానికి మళ్ళించాడు. "ట్రాయ్ యుద్ధంలో ఎవరు ఉదాత్తుడు మామయ్యా, హెక్టరా, ఎకిలీసా?" అన్నాడు. తడుముకోకుండా హెక్టర్ అన్నాను. బి.కాం. చదివే రోజుల్లో హోమర్ 'ఇలియడ్'ను ఇంగ్లీషులో చదివినప్పటి నుంచీ నాది హెక్టర్ పక్షమే.

కారణాలూ లేకపోలేదు. తమ్ముడు పారిస్ చేసిన తప్పుకు ఊరిని కాచే భారం మోసినవాడు హెక్టర్. అతని శిరస్త్రాణం మీది గుర్రపు వెంట్రుకల కుచ్చు చూసి దాది చంకలోని పసివాడు జడుసుకుంటే, నవ్వి, దాన్ని తీసి నేల మీద పెట్టి కొడుకునెత్తుకుంటాడు. ఏజాక్స్‌తో పొద్దుగూకే దాకా పోరాడి, చివరకు తన కత్తి కానుకగా ఇచ్చి, అతని నడికట్టు పుచ్చుకుని విడిపోతాడు. (గ్లాకస్ అనే మరో వీరుడు తాతలనాటి స్నేహం తెలిసి శత్రువుతో కవచం మార్చుకుంటాడు. 100 ఎడ్ల ఖరీదు చేసే బంగారు కవచం ఇచ్చి 9 ఎడ్ల కంచు కవచం తీసుకున్నాడని హోమర్ లెక్క కూడా కట్టాడు. బ్యాంకువాణ్ణి కదా, అది మరచిపోలేను!) ఇక ఎకిలీసో? అగమెమ్నాన్ మీద అలిగి, తనవాళ్ళు చస్తున్నా గుడారం దగ్గరే కూర్చుంటాడు.

వాదనలో గెలుద్దామని మళ్ళీ పుస్తకం తీశాను. 17వ సర్గలో ఆగిపోయాను. చచ్చిన పెట్రోక్లస్ కవచం ఒలుచుకున్న హెక్టర్, శవం తల నరికి, మొండాన్ని ట్రాయ్ కుక్కలకు వెయ్యాలని ఈడుస్తున్నాడు! ఇది నాకు గుర్తే లేదు. హెక్టర్ శవాన్ని రథానికి కట్టి ఈడ్చిన ఎకిలీస్ మాత్రం బాగా గుర్తున్నాడు. అదే ఎకిలీస్ అంతకుముందు హెక్టర్ మామగారిని చంపినప్పుడు కవచం ఒలవలేదు. దానితోనే దహనం చేసి, పైన దిబ్బ పోయించాడు. ఈ మాట చెప్పేది హెక్టర్ భార్య ఆండ్రోమకే. తన ఏడుగురు అన్నదమ్ములనూ చంపింది అతడేనని కూడా ఆమే చెబుతుంది.

చివరి సర్గలో ముసలి రాజు ప్రియామ్ రాత్రివేళ వచ్చి, కొడుకును చంపిన చేతులను ముద్దాడి శవాన్ని అడుగుతాడు. అక్కడ నా సంగతి ఒకటి గుర్తొచ్చింది. ప్రమోషన్ విషయంలో నాతో మాటలు లేని సహోద్యోగి ఒకాయన హఠాత్తుగా పోయారు. రావలసిన సొమ్ము కాగితాల కోసం ఆయన తండ్రి నా బల్ల దగ్గరకు వచ్చారు. అయిదు నిమిషాల పని. "రేపు రండి" అన్నాను. తీరిక లేక కాదు. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చి, ముందుగా నమస్కారం పెట్టారు.

ఎకిలీస్ రేపు రమ్మనలేదు. ముసలాయనను చెయ్యి పట్టుకుని లేపాడు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. కొడుకు శవం చూసి ప్రియామ్ కోపం పట్టలేకపోతే, తానూ ఏం చేస్తానోనని భయపడి, చాటుకు తీసుకెళ్ళి కడిగించాడు. తన చేతులతోనే ఎత్తి పాడె మీద పెట్టాడు. అంత్యక్రియలకు ఎన్నాళ్ళు కావాలని అడిగి, 11 రోజులు యుద్ధం ఆపుతానని మాట ఇచ్చాడు.

మేనల్లుడికి ఫోన్ చేసి, నా జవాబు వెనక్కు తీసుకుంటున్నానన్నాను. "అయితే ఎకిలీసేనా మామయ్యా?" అన్నాడు. కొంచెం గడువు అడిగాను.