వెళ్లలేని చోటికి తూటా పంపొద్దు

1907లో కుమావూఁ కొండల్లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులికి కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి, కిందిది దవడ ఎముక దాకా. అది పాత తుపాకీ దెబ్బ. అలవాటైన జంతువులను పట్టలేని స్థితిలో ఆ పులి నేపాల్లోనూ కుమావూఁలోనూ కలిపి 436 మందిని పొట్టన పెట్టుకుందని కార్బెట్ లెక్క. 1938లో ఆయన కాల్చిన ఠాక్ ఆడపులి ఒంటిమీద కూడా రెండు పాత తుపాకీ గాయాలున్నాయి, ఎడమ భుజం మీది గాయం చీము పట్టి ఉంది. ఆ మొదటి తూటాలు పేల్చినవాళ్లెవరో చరిత్రకు తెలియదు. వాళ్ల గురి తప్పింది, గాయపడ్డ పులి వాళ్లకు దొరకలేదు, అంతవరకే మనకు తెలిసింది. గురి ఎంతటివాడికైనా తప్పుతుంది. అందుకే వేటగాడి యోగ్యతను గురితో కొలవడం సరికాదు. గాయపడ్డ జంతువు దగ్గరికి చేరి దాని బాధకు ముగింపు పలకగలడా లేదా అన్నదే అసలు కొలత. అది చేతగాని చోట తుపాకీ ఎత్తే హక్కు ఎవరికీ లేదన్నది నా వాదన.

ఈ మాట మైదానంకంటే కొండకు ఎక్కువ వర్తిస్తుంది. ఏటవాలుగా కాల్చినప్పుడు తూటాను కిందికి లాగే ప్రభావం అడ్డంగా కొలిచిన దూరాన్ని బట్టే ఉంటుంది. 45 డిగ్రీల వాలులో 300 మీటర్ల దూరాన ఉన్న జంతువు, తూటా లెక్కలో సుమారు 212 మీటర్ల దూరానే ఉన్నట్టు. 300 మీటర్లకు సరిచూసుకుని కాల్చినవాడి తూటా అనుకున్నదానికంటే ఎత్తుగా తగులుతుంది. పైగా ఎగువనుంచి కాల్చిన తూటా వీపు దగ్గర దిగి పొట్ట వైపు బయటికి రావచ్చు, అంటే ఊపిరితిత్తులకు పెట్టిన గురి పేగులకు తగలవచ్చు. ఏం జరిగిందో చెప్పేది నేలమీద మిగిలిన ఆనవాళ్లే. లేత ఎరుపు రంగులో నురుగుతో కూడిన రక్తం ఊపిరితిత్తుల గాయానికి గుర్తు. ముదురు రక్తమైతే కాలేయం. దుర్వాసనతో పాటు నమిలిన పచ్చటి మేత కనిపిస్తే పొట్టకో పేగులకో తగిలినట్టు. ఎముక పెచ్చులుంటే కాలు విరిగినట్టు. పొట్టకు దెబ్బ తగిలిన జంతువును వెంటనే తరమకూడదు. వదిలేస్తే దగ్గరలోనే పడుకుంటుంది, తరిమితే లేచి లోయలు దాటిపోతుంది. ఆగడం ఇక్కడ దయ. చేతిలో తుపాకీ ఉన్న మనిషికి, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం నేర్పడమే అన్నింటికంటే కష్టం.

రక్తపు చుక్కలు ఆగిపోయిన తర్వాత మనిషి కన్ను పనికిరాదు. రాళ్లమీద గిట్టల అచ్చులు పడవు, వాన వస్తే ఉన్న జాడా పోతుంది. ఆల్ప్స్ కొండల్లో షమ్వా అనే కొండమేక కాలు విరిగినా మిగతా మూడు కాళ్లతో నిలువు బండల మీదికి ఎక్కిపోగలదు. గాయపడ్డ జంతువుల జాడ తీయడానికి జర్మనీలో హనోవర్ జాతి కుక్కలుండేవి. అవి కొండకు మరీ బరువు. అందుకే 1870 తర్వాత బవేరియాలో బారన్ కార్గ్ బెబెన్‌బుర్గ్ వాటిని స్థానిక కొండ వేటకుక్కలతో కలిపి తేలికైన జాతిని తయారుచేయించాడు. 1912లో మ్యూనిచ్‌లో ఆ జాతికోసం ఒక క్లబ్బే పెట్టారు. పొడవైన తోలు పట్టీకి కట్టిన ఆ కుక్క రక్తం ఒక్కదాన్నే నమ్ముకోదు, గిట్టల మధ్య గ్రంథులు వదిలిన వాసనను కూడా పడుతుంది. జాడ తీసే కుక్కలకు అక్కడ పెట్టే పరీక్షల్లో వెయ్యి మీటర్ల జాడను 20 గంటల తర్వాత, మరింత కఠినమైనదాన్ని 40 గంటల తర్వాత పట్టుకోవాలి. గాయపడ్డ జంతువుకు తప్పించదగిన బాధ కలగకుండా వెంటనే ప్రాణం తీయాలని జర్మనీ వేట చట్టం 22ఏ సెక్షన్ విధిస్తోంది. అంటే వెతకడం వేటగాడి ఇష్టానికి వదిలిన విషయం కాదు.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. కొండలో చచ్చిన జంతువు వృథా కాదు, రాబందులూ నక్కలూ తింటాయి, వెతకడమెందుకు అంటారు. ఆల్ప్స్‌లో గడ్డపు రాబందు కథ తెలిస్తే ఈ మాట నిలవదు. అక్కడ దాన్ని పూర్తిగా వేటాడేశారు. చివరిదాన్ని 1913లో ఇటలీలోని ఆవోస్తా లోయలో కాల్చారు. 1986లో ఆస్ట్రియాలోని రౌరిస్ లోయలో రాబందు పిల్లలను వదిలి మళ్లీ బతికించే ప్రయత్నం మొదలుపెట్టారు. అయితే సీసపు తూటా జంతువు శరీరంలో చిన్న చిన్న ముక్కలుగా చెదిరిపోతుంది. ఆ మాంసం, ఎముకలు తిన్న పక్షికి సీసం విషమెక్కుతుంది. మనిషి వదిలేసిన కళేబరాన్ని ప్రకృతికి విందు అనలేం. ఒక మేక కోసం మనిషి, కుక్క నిలువు బండల మీద ప్రాణాలు పణంగా పెట్టాలా అన్నది రెండో ప్రశ్న. అక్కర్లేదు. కానీ ఆ జవాబు తూటా పేలకముందే తెలిసి ఉండాలి. జంతువు పడితే ఎక్కడికి జారుతుంది, గాయపడితే ఎటు పారిపోతుంది, అక్కడికి తాను చేరగలడా అని ముందే చూసుకున్నవాడు ఆ షాట్ వదులుకుంటాడు. చీకటి పడే వేళ, మంచు కమ్మే వేళ కూడా అంతే. వేటే తప్పు, ఈ మర్యాదలెందుకు అనే మూడో మాటను నేను తేలిగ్గా తీసుకోను. అది నైతికంగా బలమైన మాటే. అయితే వేట జరుగుతున్న చోట, జరగడానికి ప్రభుత్వమే అనుమతిస్తున్న చోట, బాధను తగ్గించే బాధ్యతను ఆ వాదన రద్దు చేయదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట నేరం. అయినా తుపాకీ పూర్తిగా మూగబోలేదు. పంటలు పాడుచేసే అడవిపందులను కాల్చడానికి తెలంగాణలో అనుమతులిచ్చారు, కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థలకు అప్పగించింది. రైతు నష్టం నిజమే, దాన్ని తక్కువ చేయలేం. కానీ అనుమతి గురించి జరిగే చర్చంతా ఎవరు కాల్చాలి, ఎన్నింటిని కాల్చాలి అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. గాయపడి గుట్టల్లోకి పారిపోయిన పంది తెల్లారి కట్టెలకు వెళ్లిన మనిషికి ఎదురైతే ఏమవుతుందో అడవి అంచు ఊళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. అడవిశాఖ అధికారులకు నా విన్నపం ఒకటే: కాల్చే అనుమతి పత్రంలో, జాడ తీయగల మనిషి, శిక్షణ పొందిన కుక్క వెంట ఉండాలన్న షరతు రాయండి. గాయపడ్డ ప్రతి జంతువుకూ, దొరికినా దొరకకపోయినా, లెక్క చెప్పమనండి. ఆ షరతుకు ఒప్పుకోనివారికి అనుమతి ఇవ్వకండి.