ఆఖరి బండి వచ్చేదాకా

మన వైపు "బైక్ ర్యాలీ" అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒకటే సీన్. జెండాలు, సైలెన్సర్ మోత, ఒక్కో బండి మీద ముగ్గురేసి, రోడ్డంతా మాదే అన్నట్టు వెళ్లే గుంపు. ఎలక్షన్ అయినా, సినిమా రిలీజ్ అయినా అదే తంతు. మోటార్‌సైకిల్ క్లబ్బులు పద్ధతిగా చేసే ర్యాలీ దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ ఎవరు ముందు చేరారో ఎవరూ అడగరు. ఆఖరి బండి చేరిందా అనే అడుగుతారు.

ఆ పద్ధతి ఏంటో మన రూట్ మీదే పెట్టి చూద్దాం. హరిశ్చంద్రపురంలో బయల్దేరి, నేషనల్ హైవే 16 మీద కోటబొమ్మాళి, టెక్కలి, పలాస దాటి, బారువ బీచ్ దాకా. మొత్తం 42 బళ్లు అనుకుందాం.

ముందు కొంచెం హిస్టరీ

అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో స్టర్జిస్ అని ఒక చిన్న ఊరు ఉంది. జనాభా ఏడు వేల చిల్లర. జాక్‌పైన్ జిప్సీస్ అనే క్లబ్ 1938లో అక్కడ ఒక చిన్న రేస్ పెట్టింది. ఇప్పుడు ప్రతి ఆగస్టులో ఆ ఊరికి లక్షల్లో జనం వస్తారు. అక్కడ తాత్కాలికంగా కొట్టు పెట్టాలన్నా ఊరి పాలకవర్గం దగ్గర లైసెన్స్ తీసుకోవాల్సిందే. మన దేశంలో 2013లో గోవాలో ఇండియా బైక్ వీక్ మొదలైంది. మనం ఆదివారం పూట వేసే రైడ్‌కి అంత హంగామా ఉండదు. కానీ రోడ్డు మీద రూల్స్ మాత్రం అవే.

42 బళ్ల లెక్క

గంటకి 60 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 16.7 మీటర్లు. క్లబ్ రైడ్‌లో బళ్లు పక్కపక్కన వెళ్లవు, అడ్డదిడ్డంగానూ వెళ్లవు. ఒకటి లేన్‌కి కుడి వైపు, దాని వెనకది ఎడమ వైపు, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. ఏటవాలుగా ఉన్న ముందు బండికి ఒక సెకను దూరం, మన సరిగ్గా ఎదురుగా ఉన్న బండికి రెండు సెకన్ల దూరం. సడన్‌గా బ్రేక్ వేస్తే తప్పుకోవడానికి పక్కన ఖాళీ ఉంటుంది. అమెరికా వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: వాళ్లు రోడ్డుకి కుడి వైపు నడుపుతారు కాబట్టి లీడర్ లేన్‌లో ఎడమ వైపు ఉంటాడు. మనకి అది తిరగేసి చదవాలి.

ఇప్పుడు 42 బళ్లూ ఒకే వరసలో వెళ్తే మధ్యలో 41 గ్యాపులు. అంటే దాదాపు 680 మీటర్ల రైలు. కుడి లేన్‌లో ఉన్న ఆటో ఎడమకి వచ్చి సర్వీస్ రోడ్డులోకి దిగాలంటే సందు దొరకదు. దీనికి తోడు ఇంకో సమస్య ఉంది. ముందున్నవాడు ఒక గేదె కోసం 40కి తగ్గి మళ్లీ 60 అందుకునేసరికి, తోక చివర ఉన్నవాడు బాగా వెనకబడతాడు. అందుకోవడానికి 80లో కొడతాడు. స్పీడ్ పెంచింది ముందున్నవాడు, రిస్క్ పడేది వెనకున్నవాడు.

పరిష్కారం సింపుల్. అమెరికాలోని మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ఒక గ్రూపులో ఐదు నుంచి ఏడుగురే ఉండమంటుంది. మన 42ని ఏడేసి చొప్పున ఆరు గ్రూపులు చేస్తే ఒక్కో గ్రూపు పొడవు వంద మీటర్లే. గ్రూపుకీ గ్రూపుకీ మధ్య ఒక నిమిషం గ్యాప్ వదిలితే ఒక కిలోమీటరు ఖాళీ రోడ్డు దొరుకుతుంది. పెద్ద ప్రాబ్లమ్‌ని చిన్న ముక్కలు చేయడం మనకి క్లాసులో చెప్పేదే కదా. కొత్తగా నేర్చుకున్నవాళ్లని లీడర్ వెనకే పెట్టాలి. అప్పుడు గ్రూప్ స్పీడ్ వాళ్లని బట్టి ఉంటుంది.

వాలంటీర్లు చేసే పని

లీడర్ దారి చూపిస్తాడు. ఆఖర్న వచ్చేవాడిని స్వీప్ అంటారు. అందరికంటే అనుభవం ఉన్నవాడినే స్వీప్‌గా పెట్టాలి. పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్, అందరి పేర్లూ బ్లడ్ గ్రూపులూ ఇంటి నంబర్లూ రాసిన కాగితం అతని దగ్గరే ఉంటాయి. ఎవరి బండి ఆగినా గ్రూపంతా ఆగదు, స్వీప్ ఒక్కడే ఆగుతాడు.

మలుపుల దగ్గర ఎవరూ తప్పిపోకుండా ఒక చక్కటి పద్ధతి ఉంది. హైవే దిగే ప్రతి చోటా, లీడర్ వెనక ఉన్న రెండో బండి పక్కకి సేఫ్‌గా ఆగి దారి చూపిస్తుంది. స్వీప్ వచ్చాక, అతని ముందు వరసలో చేరిపోతుంది. తర్వాతి మలుపులో కొత్త రెండో బండి ఆ పని చేస్తుంది. ఎవరికీ మ్యాప్ అక్కర్లేదు, ఫోన్ సిగ్నల్ అక్కర్లేదు. ప్రతివాడూ ఒకసారి మిగతావాళ్ల కోసం ఆగుతాడు, అంతే.

వాలంటీర్ చేయకూడని పని కూడా ఒకటుంది. బండి అడ్డంగా పెట్టి ట్రాఫిక్ ఆపడం. రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకున్నంత మాత్రాన ఆ అధికారం రాదు, అది పోలీసులది.

సైరన్ లేని ఆటో

ఇక్కడే మన రూట్ మిగతా రూట్ల లాంటిది కాదు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే మామూలుగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మంచం మీద పడుకునే టైమ్ ముందే ఫిక్స్ అయి ఉంటుంది.

అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే మోటార్ వాహనాల చట్టంలోని 194ఈ సెక్షన్ కింద పది వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కానీ డయాలసిస్‌కి వెళ్లే పెద్దాయన చాలాసార్లు షేర్ ఆటోలోనో, కొడుకు బండి వెనకో, బస్సులోనో వెళ్తాడు. దానికి సైరన్ ఉండదు. ఏ ఆటోలో ఎవరున్నారో మనకి తెలీదు. కాబట్టి ఈ రోడ్డు మీద చట్టం చెప్పినంత చేస్తే చాలదు. ప్రతి ఆటోనీ ఆసుపత్రికి వెళ్తున్న ఆటో అనే అనుకోవాలి. ఒక్క లేన్‌లోనే ఉండాలి, వెనక నుంచి హారన్ వినిపిస్తే స్వీప్ చేయి ఊపి ముందుకి పంపాలి, కాశీబుగ్గ లాంటి రద్దీ చోట గ్రూపు విడిపోయినా పర్లేదనుకోవాలి. విడిపోతే దారి చూపించడానికి రెండో బండి ఎలాగూ ఉంది.

బడ్డీ దగ్గర

ఒక టీ బడ్డీకి ఒకే పొయ్యి ఉంటుంది. అక్కడ 42 మంది ఒకేసారి దిగి "బాబాయ్, తొందరగా" అంటే ఆయనేం చేస్తాడు? ముందు రోజే ఒక వాలంటీర్ వెళ్లి ఎంతమంది, ఎన్ని గంటలకి వస్తున్నారో చెప్పి రావాలి. ఆరు గ్రూపుల్ని రెండు మూడు బడ్డీలకి పంచాలి. బళ్లు కొట్టు ముందు కాకుండా కొంచెం దూరంగా పెట్టాలి. రోజూ వచ్చే గిరాకీ మన బళ్లు చూసి వెనక్కి పోతే, మనం తాగిన టీ డబ్బులు ఆ నష్టానికి సరిపోవు. గ్రూపుకి ఒకరే లెక్క చూసి డబ్బులివ్వాలి. ఫోన్ పేమెంట్ ఆగిపోతే ఇవ్వడానికి చిల్లర దగ్గరుంచుకోవాలి.

పలాసలో జీడిపప్పు, మందసలో కోవా, ఉద్దానంలో కొబ్బరి బొండాలు. కొనాల్సినవి దారి పొడవునా ఉన్నాయి. బొండం దగ్గర ఐదు రూపాయలకి బేరం పెట్టే ముందు ఒక్క విషయం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఈ తీరంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. తాగేసిన బొండం కూడా రోడ్డు పక్కకి విసరకుండా ఆయన గుట్ట వేసిన చోటే వేయాలి.

బారువలో

బండిని ఇసుకలోకి దించకండి. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. పైనుంచి చూస్తే గూడు కనపడదు, టైరు కింద మాత్రం నలుగుతుంది. రోడ్డు దగ్గరే పార్క్ చేసి నడిచి వెళ్లండి.

హెల్మెట్ గురించి విడిగా రాయలేదు. నడిపేవాడికీ వెనక కూర్చున్నవాడికీ ఇద్దరికీ ఉండాల్సిందే, అది లేనివాడి పేరు లిస్టులోనే ఉండకూడదు.

బీచ్‌కి చేరాక ముందొచ్చినవాళ్లు ఫొటోలు మొదలుపెట్టేస్తారు. పెట్టుకోండి. గ్రూప్ ఫొటో మాత్రం ఆపండి. స్వీప్ వచ్చి, జేబులోంచి ఆ కాగితం తీసి, 42 పేర్లూ టిక్ పెట్టాక తీసుకుందాం.