జలాశయమునకు సైకిలు దారి

నగర్తపేట వీథులలో సైకిలు నడుపుట సామాన్యమైన పని కాదు. మూటలు మోయు కూలీలను, తోపుడుబండ్లను, ఆటోలను తప్పించుకొని చిక్కపేట కూడలి చేరిన బాలుడు నేర్పరియే. అయినను వీథిలో అలవడిన నేర్పు వేఱు. కొండలలో దూరప్రయాణమునకు వలయు నేర్పు వేఱు. సెలవులు వచ్చినంతనే మన విద్యార్థులలో కొందఱు సైకిళ్ళపై జలాశయములు చూడబోవలెనని ఉబలాటపడుదురు. తల్లిదండ్రులు భయపడి వలదందురు. ఉభయుల మాటలోను న్యాయము కలదు. కావున ఆ దారులెట్టివి, వానివలన కలుగు శ్రమ యెంత, ప్రమాదము ఎచట పొంచియుండును అను విషయములను ఇచట వివరింపదలచితిమి.

బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున, పీఠభూమి వెన్నుపై నిలిచియున్నది. నగరమును ఆనుకొని పెద్దనది ఏదియు లేదు. నందికొండలలో పుట్టిన అర్కావతి నగరమునకు పడమరగా దిగి, కనకపుర దాటిన పిమ్మట సంగమమను చోట కావేరిలో కలియును. ఈ చిన్ననదియే ఒకప్పుడు మన పేటల దప్పిక తీర్చినది. దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున, 1894లో హెసరఘట్టవద్ద దీనిపై జలాశయము నిర్మింపబడెను. 1896 నుండి ఆ నీరు నగరమునకు వచ్చెను. నగరము పెరుగుటచేతను, వానలు తప్పుటచేతను అది చాలకపోగా, అర్కావతియు కుముద్వతియు కలియు తిప్పగొండనహళ్ళివద్ద 1933లో మఱియొక ఆనకట్ట లేచెను. విశ్వేశ్వరయ్యగారి ఆలోచన దీనికి తోడ్పడెను. చామరాజసాగరమని దాని పేరు. 1974లో కావేరి నీరు వచ్చువఱకు నగరమునకు ఈ నదియే ముఖ్యాధారము.

సైకిలు ప్రయాణికుడు మొదట గ్రహింపవలసిన సంగతి ఈ చరిత్రలోనే ఇమిడియున్నది. జలాశయము ఎప్పుడును పల్లమున నుండును. తిప్పగొండనహళ్ళి మన పేటకంటె నూరు మీటర్లకు పైగా దిగువనున్నది. అందుచేతనే అచటి నీటిని యంత్రములతో ఎత్తి నగరమునకు పంపవలసివచ్చెను. అనగా ప్రొద్దుట హాయిగా జాఱిపోయిన దారినే, ఎండలో అలసిన దేహముతో తిరిగి ఎక్కవలెను. ముప్పది అంతస్తుల మేడ ఎక్కుటతో అది సమానము. నడుమ వచ్చు మిట్టపల్లములు దీనికి అదనము. కొండశిఖరమునకు పోవువాడు కష్టమును ముందుగా పడి, సుఖమును తరువాత పొందును. జలాశయమునకు పోవువాని సంగతి దీనికి తలక్రిందులు. కావున పోవునప్పుడు బలములో మూడవవంతుకంటె ఎక్కువ ఖర్చు చేయరాదు.

మెరకను కొలుచు విధము సులభము. నూరు మీటర్ల దారిలో అయిదు మీటర్లు ఎత్తు పెరిగినచో నూటికి అయిదు అందురు. గేర్లులేని సైకిలుపై అట్టి మెరకను చాలసేపు త్రొక్కుట కష్టము. గేర్లు చేయు సాయమేమన: ముందు చక్రములో 48 పండ్లు, వెనుకదానిలో 16 పండ్లు ఉన్నచో, పెడలు ఒకసారి తిరిగిన బండిచక్రము మూడుసార్లు తిరిగి, సైకిలు సుమారు ఆఱు మీటర్లు సాగును. రెండింట 32 పండ్లే ఉన్నచో రెండు మీటర్లే సాగును. కాని కాలికి పడు బరువు మూడవవంతగును. గేరు శ్రమను మాయము చేయదు, చిన్నచిన్న భాగములుగా పంచిపెట్టును. గేర్లు లేనివారు దిగి నడిపించుకొనిపోవుట అవమానము కాదు, వివేకమే.

ఇక దారులు. మొదటిసారి పోవువారికి హెసరఘట్ట తగినది. నగరమునకు వాయవ్యమున విశాలమైన బయలు. కఠినమైన మెరకలు అరుదు. రెండవది తిప్పగొండనహళ్ళి. చిక్కపేట మీదుగా మాగడి రోడ్డు చేరి, సుంకదకట్టె, తావరెకెరె దాటి సుమారు 30 కిలోమీటర్లు పోవలెను. గంటకు 12 కిలోమీటర్ల వంతున పోవుట రెండున్నర గంటలు. రాకకు నాలుగు గంటలు ఉంచుకొనవలెను. జలాశయపు ఆవరణము జలమండలి అధీనము కనుక అనుమతిలేక లోనికి పోరాదు. మూడవ దారి సావనదుర్గకు. రానుపోను నూరు కిలోమీటర్లు మించును కనుక దానిని ఒక్క దినములో ముగింప యత్నింపరాదు. పెద్దలతో పోయి మాగడిలో రాత్రి విశ్రమించుట మేలు.

సావనదుర్గ 1226 మీటర్ల ఎత్తుగల మహాశిల. నల్లకొండ, తెల్లకొండ అను అర్థమిచ్చు కరిగుడ్డ, బిళిగుడ్డలు దాని రెండు భాగములు. 1791 డిసెంబరులో కారన్‌వాలిసు సేనలు టిప్పు సుల్తాను దళములనుండి ఈ దుర్గమును గైకొనినవి. క్రింద వీరభద్రస్వామి, నరసింహస్వామి ఆలయములు కలవు. సమీపముననున్న మాగడి కెంపేగౌడ వంశమువారికి రాజధాని. 1638లో బిజాపూరు సైన్యము బెంగుళూరును పట్టుకొనిన పిమ్మట వారచటికి తరలిరి. 1537లో మన పేటలను నిలిపిన కెంపేగౌడ, గంగాగౌరీ విలాసమను యక్షగానమును తెలుగున రచించెనని ప్రసిద్ధి. ఇంట తెలుగు, వీథిలో కన్నడము పలుకు మన పిల్లలకు ఈ దారి పరాయిది కాదని చెప్పుటకు ఇంతకంటె ఏమి కావలెను?

ప్రమాదమును గుఱించి నిక్కచ్చిగా చెప్పవలసియున్నది. సావనదుర్గ సమీపమున అర్కావతిపైననే మంచనబెలె జలాశయమున్నది. పైకి నిశ్చలముగా, అందముగా కనుపించును. అడుగున బురద, అకస్మాత్తుగా లోతగు గోతులు కలవు. ఈతకు దిగి అందు ప్రాణములు కోల్పోయినవారు పలువురు. వారిలో ఈత వచ్చినవారును కలరు. త్రొక్కి త్రొక్కి చెమటపట్టిన బాలునికి నీరు కనబడగానే దిగవలెననిపించును. ఆ కోరికయే శత్రువు. జలాశయమును కంటితో చూడవలెనే కాని కాలితో తాకరాదు. ఈ ఒక్క నియమమును పాటింపలేనివాడు ప్రయాణమునకు తగడు.

తక్కిన జాగ్రత్తలు చిన్నవి. నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు కాలము అనుకూలము. ఆదివారము తెల్లవాఱుచుండగనే బయలుదేఱినచో మాగడి రోడ్డున లారీల రద్దీ తక్కువ. హెల్మెట్టు, మంచి బ్రేకులు, గాలిపంపు, అదనపు ట్యూబు, పంక్చరు సామాను, గంటకు అర లీటరు వంతున త్రాగునీరు ఉండవలెను. పల్లమున రెండు బ్రేకులను కలిపి, విడిచి విడిచి నొక్కవలెను. ఒకరి వెనుక ఒకరు పోవలెను, ఒంటరిగా పోరాదు.

ఫ్రాన్సు దేశమున మోర్వాన్ అను కొండసీమ 1970లో ప్రాంతీయ ప్రకృతివనముగా ఏర్పడినది. అచట సైకిలు యాత్రికులు చుట్టివచ్చు సెత్తొన్ జలాశయము, పారిసునకు వంటచెఱకును నదిపై తేల్చి పంపుటకై 1858లో పూర్తియైనది. ఆ పని ఎన్నడో ముగిసినను, జనులు ఆ నీటిని, అడవిని కాపాడుకొనిరి. మన అర్కావతి సంగతి అట్లు కాలేదు. ఎగువ వాగులు పూడుటవలనను, గొట్టపుబావులు పెరుగుటవలనను, మురికినీరు చేరుటవలనను దాని ప్రవాహము సన్నగిల్లెను. పూర్వము నగరమును పోషించిన నది నేడు నగరమునకు మఱపువచ్చిన నదియైనది.

కావున తల్లిదండ్రులకు మా విన్నపమేమనగా, పిల్లలను పూర్తిగా వారింపక, తెలిసిన పెద్దవాని తోడుతో మొదట హెసరఘట్టకు పంపుడు. విద్యార్థులారా, మీరు ఒక చిన్న పుస్తకము వెంట తీసికొనిపొండు. దారిలో దాటిన ప్రతి వాగు పేరును ఊరివారినడిగి కన్నడములోను తెలుగులోను వ్రాసికొనుడు. అందు నీరున్నదో లేదో గుర్తింపుడు. తిరుగుదారిలో మెరక ఎక్కుచు ఆయాసపడునప్పుడు, ఒక్క బిందె నీరు మీ యింటికి చేరుటకు ఎంత పైకి ఎక్కవలెనో మీ కాళ్ళే మీకు బోధించును.