మిషన్ ఎత్తు ఎంతో మోచేతినే అడగండి!

ఇంట్లో అమ్మో, అక్కో కుట్టు మిషన్ ముందు కూర్చుని మధ్యమధ్యలో మెడ నొక్కుకుంటోందా? ఒక టేపు, కాగితం, పెన్ను తీసుకోండి. ఈ ఆదివారం ఓ రెండు గంటలు కేటాయించండి. వాళ్లకు మేలు జరుగుతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీకూ ఓ నిజమైన ప్రాజెక్టు దొరుకుతుంది. నాకలాగే దొరికింది మరి!

ఇంజినీరింగ్ పూర్తిచేసి ఉద్యోగాల వేటలో ఉన్న రోజులవి. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్ కూడబెట్టి అమ్మకి మోటారుతో నడిచే కుట్టు మిషన్ కొన్నాను. ఇరవై ఏళ్లు తొక్కుడు మిషన్ మీద జాకెట్లు కుట్టి నా ఫీజులు కట్టిన మనిషి. ఇకనైనా కాళ్లకు విశ్రాంతి దొరుకుతుందనుకున్నా. డైనింగ్ టేబుల్ మీద మిషన్ పెట్టి, ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టేశా.

పది రోజులు తిరిగేసరికి అమ్మ మళ్లీ పాత మిషన్ దగ్గరే కనిపించింది. కొత్తది గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంది.

‘ఏమైందమ్మా, పాడైందా?’ అన్నా.

‘మిషన్ బానే ఉందిరా. నా భుజాలే పాడయ్యాయి. గంట కుడితే మెడ తిరగట్లేదు’ అంది.

అసలే పెళ్లిళ్ల సీజన్. ఆ వారం మూడు లైనింగ్ జాకెట్లు కుట్టలేనని వెనక్కి ఇచ్చేసింది. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు. కొత్త మిషన్ అలవాటు కాలేదేమోనని యూట్యూబ్ వీడియోలు చూపించబోయా. చివరికి తేలిందేమిటంటే తప్పు మిషన్‌దీ కాదు, అమ్మదీ కాదు. ఒక్క కొలతైనా తీసుకోకుండా దాన్ని టేబుల్ మీద పెట్టిన నాదే.

టేపు పట్టుకుంటే..

మర్నాడు అమ్మ కొలతల టేపే అడిగి తీసుకున్నా. ముందు కుర్చీ కొలిచా. నేల నుంచి కూర్చునే చోటికి 44 సెంటీమీటర్లు. అమ్మని నిటారుగా కూర్చోబెట్టి, భుజాలు వదులుగా వదిలి మోచేతులు మడవమన్నా. సీటు నుంచి మోచేతి కింది వరకూ 20. అంటే నేల నుంచి మోచెయ్యి 64 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది.

ఇప్పుడు టేబుల్. దాని ఎత్తు 75. మిషన్‌లో సూది కింద బట్ట జరిగే పలక టేబుల్ కంటే ఇంకో 9 సెంటీమీటర్లు పైన ఉంది. మొత్తం 84. మోచేతికీ, పని జరిగే చోటుకీ మధ్య 20 సెంటీమీటర్లు, దాదాపు జానెడు తేడా! అమ్మ రోజంతా రెండు భుజాలూ పైకెత్తి పట్టుకుని కుడుతోందన్నమాట.

అనుమానం వచ్చి పాత మిషన్ కూడా కొలిచా. దాని బల్ల ఎత్తు 76. కానీ తొక్కుడు మిషన్ తల బల్లలో కోసిన ఖాళీలోకి దిగి ఉంటుంది. కాబట్టి పలక, బల్ల ఒకే మట్టంలో ఉంటాయి. పైగా అమ్మ దాని ముందు వేసుకునేది కుర్చీ కాదు, ఎప్పుడో వడ్రంగి చేసిచ్చిన చెక్క స్టూలు. ఎత్తు 50. దాని మీద కూర్చుంటే మోచెయ్యి 70 దగ్గరికి వస్తుంది. తేడా ఆరే ఆరు సెంటీమీటర్లు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టనిది, ఆ పాత స్టూల్లో ముందే ఉంది.

చేతికీ కంటికీ తగువు

ఎత్తు ఎందుకింత ముఖ్యం? కుట్టేటప్పుడు చేతులకూ కళ్లకూ చిన్న తగువు నడుస్తుంటుంది. చేతులు పని కింద ఉండాలంటాయి. అప్పుడే భుజాలు వదులుగా ఉంటాయి. కళ్లు మాత్రం పని పైన ఉండాలంటాయి. సూది, కుట్టు దగ్గరగా కనిపించాలి కదా. మిషన్ మరీ ఎత్తైతే భుజాలు, మెడ బిగుస్తాయి. మరీ కిందైతే నడుము వంగి, తల ముందుకు వాలుతుంది.

ఈ రెండింటికీ రాజీ కుదిర్చేదే సరైన ఎత్తు. పనికి తగ్గట్టు మనిషిని వంచకుండా, మనిషికి తగ్గట్టు పనిని అమర్చే శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్ అంటారు. కన్ను పెట్టి చేసే సన్నని పనికి అది చెప్పే లెక్క సింపుల్. పని జరిగే చోటు మోచేతి ఎత్తుకు కాస్త పైన, సుమారు 5 నుంచి 10 సెంటీమీటర్లలో ఉండాలి. ఇది మొదలుపెట్టడానికి ఓ అంకె మాత్రమే. చివరి మాట కుట్టే మనిషిదే.

ఇలా అమర్చండి

వరస ముఖ్యం. చాలామంది టేబుల్‌తో మొదలుపెడతారు. మీరు మనిషితో మొదలుపెట్టండి.

1. సీటు: పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. మోకాలు లంబకోణం కంటే కాస్త తెరుచుకుని ఉండాలి. వీపుకు ఆనుడు ఉంటే మంచిది. చక్రాల కుర్చీ అయితే పెడల్ నొక్కినప్పుడల్లా వెనక్కి జారిపోతుంది, చూసుకోండి.

2. మోచెయ్యి: ఆ సీటు మీద కూర్చోబెట్టి, భుజాలు వదిలేయమని చెప్పి, నేల నుంచి మోచేతికి కొలవండి. మిగతా లెక్కంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

3. పలక: కొలవాల్సింది టేబుల్ ఎత్తు కాదు, బట్ట జరిగే పలక ఎత్తు. నేను బోల్తా పడింది ఇక్కడే. టేబుల్ మీద పెట్టే మిషన్లలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

4. తొడలు: టేబుల్ దించే ముందు కింద కాళ్లు పడతాయో లేదో చూడండి. సీటు ఎత్తుకి తొడల మందం కలిపితే వచ్చే అంకె కంటే టేబుల్ అడుగు భాగం రెండు మూడు సెంటీమీటర్లయినా పైన ఉండాలి.

5. పెడల్: మడమ నేలకు ఆని ఉండగానే వేళ్లతో నొక్కగలగాలి. మరీ లోపలికి ఉంటే కాలు చాచాలి, మరీ దగ్గరగా ఉంటే చీలమండ ముడుచుకుపోతుంది. టైల్స్ మీద పెడల్ జారిపోతుంటే కింద పాత రబ్బరు మ్యాట్ ముక్క వేయండి.

6. సూది: మనం తెలియకుండానే మిషన్ మధ్యకి ఎదురుగా కూర్చుంటాం. సూది ఉండేది ఎడమవైపు. దాంతో గంటల తరబడి ఒళ్లు మెలితిరిగి ఉంటుంది. కుర్చీని సూదికి ఎదురుగా జరపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

7. వెలుతురు: కుట్టు సరిగా కనిపించకపోతే ఎత్తు ఎంత సరిచేసినా తల వాలిపోతుంది. సూది మీద పడేలా చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టండి. చేతి నీడ కుట్టు మీద పడకూడదు.

అంతా అయ్యాక పది నిమిషాలు నిజంగానే కుట్టమనండి. మీరు పక్కనుంచి చూడండి. భుజాలు చెవులవైపు లేస్తుంటే పలక ఎత్తు ఎక్కువైనట్టు. వీపు గూనిలా వంగుతుంటే తక్కువైనట్టు. వీలైతే పక్క నుంచి ఓ ఫొటో తీసి చూపించండి. మన కూర్చునే తీరు మనకు తెలియదు.

వడ్రంగితో వాదన

మా ఇంట్లో ముందు తేలిగ్గా అయ్యే పని ప్రయత్నించా. కుర్చీ మీద దిండ్లు వేసి ఎత్తు పెంచా. మోచెయ్యి పైకొచ్చింది కానీ, పాదాలు గాల్లోకి లేచాయి. కాళ్ల కింద పీట వేస్తే పెడల్ అందలేదు. పెడల్‌ని కూడా పీట మీదకు ఎక్కిస్తే, తొక్కినప్పుడల్లా పీట కదిలింది. వెడల్పాటి గట్టి పీట ఉంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. మా పీట అంత గట్టిది కాదు.

ఇక టేబులే దించాలి. డైనింగ్ టేబుల్ కాళ్లు కోస్తానంటే నాన్న ఊరుకోరు! అందుకే పాత తలుపు చెక్కతో వేరే బల్ల చేయించాం. వీపుకు ఆనుడు ఉన్న 46 సెంటీమీటర్ల కుర్చీ తీసుకుంటే అమ్మ మోచెయ్యి 66 దగ్గర ఉంది. బల్ల ఎత్తు 64 అనుకున్నాం. మిషన్ 9 కలిపితే పలక 73. తేడా 7. లెక్క కుదిరింది.

వడ్రంగి మాత్రం, ‘ముందువైపు ఓ సొరుగు పెడతా బాబూ, దారాలు పెట్టుకోవచ్చు’ అన్నాడు. కుర్చీ 46, అమ్మ తొడల మందం 13, మొత్తం 59. రెండు సెంటీమీటర్ల చెక్క పోను బల్ల అడుగు 62 దగ్గర ఉంటుంది. మిగిలేది మూడే సెంటీమీటర్లు. సొరుగు పెడితే మోకాళ్లు పట్టవు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాక ఒప్పుకున్నాడు. దారాలకు పక్కన గూడు పెట్టాడు. కాళ్లకు అడ్డంగా కింది పట్టీలు కూడా బిగించడంతో మోటారు ఎంత వేగంగా తిరిగినా బల్ల కదల్లేదు.

రెండు వారాల తర్వాత పాత మిషన్ మీదకు గుడ్డ మారింది. నొప్పులన్నీ మాయమయ్యాయని చెప్పను. ఎంత మంచి ఎత్తైనా కదలకుండా మూడు గంటలు కూర్చుంటే ఒళ్లు పట్టేస్తుంది. అమ్మ ఇప్పుడు అరగంటకోసారి లేచి ఇస్త్రీయో, కటింగో చేసుకుంటుంది. మీ ఇంట్లోవాళ్లకు చేతులు తిమ్మిరెక్కుతున్నా, నొప్పి తగ్గకపోయినా టేపు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటర్వ్యూలో ఆ బల్ల

కొన్నాళ్లకు ఓ ఇంటర్వ్యూలో, ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య గురించి చెప్పండి’ అన్నారు. అలవాటుగా ఫైనలియర్ ప్రాజెక్టు ఎత్తుకున్నా. ఎదుటి వ్యక్తి చూపు గడియారం మీదకు పోయింది. నలుగురం కలిసి చేసిన, నలభై మంది చేసే ప్రాజెక్టే అది. ధైర్యం చేసి అమ్మ బల్ల గురించి చెప్పా. ఆయన ముందుకు వంగి, ‘సమస్య ఎత్తులోనే ఉందని ఎలా తెలిసింది?’ అని అడిగారు. పాత స్టూలు, 6, 20 అంకెలు చెప్పా. ఆ తర్వాత పావుగంట దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ ఉద్యోగం ఈ కథ వల్లే వచ్చిందని చెప్పలేను గానీ, ఆ పావుగంట నేను బట్టీపట్టిన జవాబు ఒక్కటీ చెప్పలేదు.

మీరూ ఆలోచించండి. వాడేవాళ్లను గమనించడం, కొలవడం, ముందు తప్పుగా చేయడం, అడ్డంకులు లెక్కలోకి తీసుకోవడం, మళ్లీ పరీక్షించడం. సాఫ్ట్‌వేర్ అయినా, సివిల్ అయినా జరిగేది ఇదే కదా!

మీ ల్యాప్‌టాప్ సంగతేంటి?

మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మాక్ టెస్టులు రాసేవాళ్లకూ ఇదే తగువు. కీబోర్డు మోచేతి ఎత్తులో ఉంటే స్క్రీన్ కిందికి పోతుంది. స్క్రీన్ పైకెత్తితే చేతులు లేస్తాయి. విడిగా ఓ కీబోర్డు, మౌస్ కొనుక్కుని, ల్యాప్‌టాప్‌ను నాలుగు లావుపాటి పుస్తకాల మీద పెట్టండి. పాత గైడ్లు ఇలాగైనా పనికొస్తాయి.

ఆసక్తి ఉంటే..

ఈ పని నచ్చితే దారులున్నాయి. డిగ్రీ, బీటెక్ పూర్తిచేసినవారు సీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్ చేయొచ్చు. ఎర్గోనామిక్స్ అక్కడ ముఖ్యమైన పాఠ్యాంశం. దుస్తుల తయారీ వైపు వెళ్లాలంటే హైదరాబాద్ మాదాపూర్‌లో నిఫ్ట్ ఉంది. ఐటీఐల్లో స్యూయింగ్ టెక్నాలజీ ట్రేడ్ ఏడాదిలో పూర్తవుతుంది. ఇంట్లో కుట్టుపనే జీవనాధారమైతే 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం చూడండి. అందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణతోపాటు పనిముట్ల కోసం రూ.15 వేల వరకూ సాయం ఉంటుంది. మిషన్ కొనే ముందు మాత్రం మోచేతిని కొలవడం మర్చిపోకండి.

ఇప్పుడు అమ్మ దగ్గరికి పక్క వీధి నుంచి ఇద్దరు అమ్మాయిలు కుట్టు నేర్చుకోవడానికి వస్తున్నారు. మొదటిరోజే సూదిలో దారం ఎక్కించడం చెబుతుందనుకున్నా. ‘ముందు కూర్చుని మోచెయ్యి పెట్టి చూడమ్మా. ఎత్తు చాలకపోతే అదిగో, ఆ స్టూలు తెచ్చుకో’ అంది.